చెవి గాటు

పుంటా అరేనాస్‌లో గాలి తలుపు తట్టదు,
భుజంతో నెడుతుంది.
జూలై. నాలుగున్నరకే జలసంధి మీద చీకటి.
ఆ గాలి వెనకాలే వచ్చాడు దోన్ ఎవారిస్తో,
ల్యాప్‌టాప్‌ని ఈనిన రాత్రి గొర్రెపిల్లలా
కోటు లోపల పొదువుకుని.

"టిక్కుటిక్కుమంటోంది ఇవానియా,
నిన్నట్నుంచి తెర నలుపు తప్ప ఏమీ లేదు."

చెవి ఆనించాను.
లోపల సూది గీత కోసం వెతుక్కుంటోంది,
దొరక్క మొదటికొస్తోంది, మళ్ళీ వెతుకుతోంది,
కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని
ఇల్లంతా గాలించేవాళ్ళలా.

"డిస్క్ పోయింది. కొత్తది వెయ్యాలి."

"వెయ్యి. మరి లైసెన్సో?
డబ్బు కట్టి కొన్నాను. దొంగసొమ్ము కాదు.
పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో పొయ్యాలి,
ఒలకకుండా."

ఒలకకుండా.
పదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను,
లైసెన్సు ఒలుకుతుందని నాకు తట్టలేదు.

ల్యాప్‌టాప్ బోర్లా తిప్పాను.
అడుగున స్టికర్ ఉంది, అక్షరాలు లేవు.
ఉన్ని ముట్టిన చేతుల జిడ్డు,
మోకాళ్ళ వెచ్చదనం,
పదకొండు కత్తిరింపుల కాలం కలిసి
ఇరవై అయిదు అంకెల్నీ తినేశాయి.
ఒక్క 'ఎఫ్' మాత్రం మిగిలింది,
అది కూడా 'ఇ' కావచ్చు.

ఆయన ముఖం చూడలేక స్క్రూలు విప్పాను.
మూత లేపితే సన్నటి ఉన్ని పోగులు, కాస్త ఇసుక,
ఎండిన చీమ ఒకటి, ఎక్కణ్ణుంచి వచ్చిందో.
పాతది తీశాను. కొత్తది అరచేతిలో
బిస్కెట్టంత తేలిగ్గా ఉంది.

కొత్త డిస్క్ అడిగింది: తాళం సంఖ్య ఏది?
'నా దగ్గర లేదు' అని నొక్కాను.
దోన్ ఎవారిస్తో నోట్లో ఏదో గొణిగాడు,
ప్రార్థనో తిట్టో.

అరగంట.
టీ చల్లారింది. హీటర్ రెండుసార్లు ఆరిపోయింది.
తర్వాత ఏ హడావిడీ లేకుండా తెర మీద ఒక చిన్న వాక్యం:
ఈ యంత్రానికి అనుమతి ఉంది.

"ఎక్కడుండింది ఇన్నాళ్ళూ?"
ఆయన గొంతులో సంతోషం కంటే అనుమానమే ఎక్కువ.

పచ్చటి బోర్డు మీద వేలు పెట్టాను.
"దీని ఆనవాలు దూరాన ఎక్కడో
ఒక పట్టీలో రాసుకున్నారు.
డిస్క్ మార్చినా బోర్డుని గుర్తుపడతారు."

కాసేపు ఆగి నవ్వాడు. ముందు పళ్ళు రెండు లేవు.
"చెవి గాటు! అలా చెప్పు.
ఉన్ని ఎన్నిసార్లు దించినా
చెవి ఎవడిదో చెబుతుంది."

డబ్బులు లెక్కపెడుతూ అప్పుడడిగాడు:
"మరి నా తూకాలు?
బేళ్ళన్నీ, ఏ మందది ఎంతో, అన్నీ?"

నేను ఏమీ అనలేదు.
అర్థమైనట్టుంది.
చచ్చిన డిస్క్‌ని తీసుకుని
ఉన్ని పాయని పట్టుకున్నట్టు వేళ్ళతో ఎత్తి,
కళ్ళు మూసుకున్నాడు.
"తొంభై ఎనిమిది గ్రాములు."
పార్సిళ్ళ త్రాసు మీద పెట్టి చూశాం: తొంభై ఏడు.
"దుమ్ము రాలింది," అంటూ జేబులో వేసుకుని
గాలిలోకి వెళ్ళిపోయాడు.

తలుపు మూసి వెనక్కి తిరిగితే
గోడ మీద కొట్టు లైసెన్సు, అద్దం వెనక,
ఎర్కో మామయ్య పేరుతో.
మామయ్య ఉత్తరాన గనుల్లోకి వెళ్ళి రెండేళ్ళు.
పేరు మార్చండని అడిగితే
మునిసిపాలిటీ కిటికీ వెనకామె అంది:
"ఇది మనిషికిచ్చింది, కొట్టుకి కాదు. బదిలీ కుదరదు."
గురువారం తనిఖీకి వస్తారట.
అదే బల్ల, అదే హీటర్,
అదే స్క్రూడ్రైవర్ పట్టిన చేయి కాదు, అంతే.

దీపం ఆర్పబోతూ
చెయ్యి నాకు తెలీకుండానే
చెవి తమ్మె తడిమింది.